యుద్ధకాలపు విమానదళ జ్ఞాపికల సేకరణ: హైదరాబాదులో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

పురానాపూల్ వైపు గురువారాల్లో సాగే జుమేరాత్ బజారుకు ఎండ ముదరకముందే వెళితే, గోనెపట్టాల మీద పరిచిన పంపు మోటార్ల విడిభాగాలు, చెవి లేని తాళాలు, అద్దం పగిలిన ఓల్ట్ మీటర్ల మధ్య ఎప్పుడో ఒకసారి నల్లటి గుండ్రటి డయల్ ఒకటి కంటపడుతుంది. దాని మీది అంకెలు వేల అడుగుల ఎత్తును చూపుతుంటాయి. వెనక్కి తిప్పితే ఒక కిరీటం, దాని కింద ఇంగ్లీషు ఏ, ఎం అక్షరాలు కనిపిస్తాయి. అది బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ ముద్ర. అమ్మేవాడికి అది తుక్కు, కొనేవాడికి అది ఏ విమానంలో తిరిగిందో తెలియని ఆల్టిమీటర్. ఆ రెండింటికీ నడుమ ఉన్న దూరాన్ని ఎలా దాటాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను మొదట కొన్నది ఆల్టిమీటర్ కాదు, ఇత్తడి దిక్సూచి. మూత మీద ‘రాయల్ ఎయిర్ ఫోర్స్, 1917’ అని అందంగా చెక్కి ఉంది. ‘అస్లీ మాల్ సాబ్, అంగ్రేజోఁ కే జమానే కా’ (అసలు సరుకు, ఇంగ్లీషువాళ్ళ కాలంది) అని అంగడివాడు చెప్పగానే 2,200 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాను. ఇంటికి వచ్చి పుస్తకం తిరగేస్తే, రాయల్ ఎయిర్ ఫోర్స్ (ఆర్.ఏ.ఎఫ్.) అనే పేరు పుట్టిందే 1918 ఏప్రిల్ 1న అని తేలింది; అంతకు ముందున్నది రాయల్ ఫ్లయింగ్ కోర్. ఆ దిక్సూచి ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది. ఒక్క తేదీ తెలిసి ఉంటే ఆ డబ్బు మిగిలేది కనుక, ఈ మార్గదర్శిలో తేదీలకే పెద్దపీట వేస్తున్నాను.

మొదటి మెట్టు: పరిధి గీసుకోవడం

‘యుద్ధవిమానాల వస్తువులు’ అనే మాట సముద్రమంత విశాలమైనది. అన్నీ సేకరించాలనుకున్నవారి ఇల్లు రెండేళ్ళలో తుక్కు గోదాములా తయారవుతుంది. హైదరాబాదులో ఉన్నవారికి పరిధి వెతుక్కోవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఈ నగరం పేరు పెట్టుకున్న బ్రిటిష్ వైమానిక స్క్వాడ్రన్లు మూడు ఉండేవి.

మొదటిది 110వ స్క్వాడ్రన్. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళంతో సమకూరిన డీహెచ్ 9ఏ బాంబర్లతో ఈ దళం 1918లో ఫ్రాన్సుకు వెళ్ళింది. ఆ నమూనా విమానాన్ని యుద్ధరంగానికి మొదట తీసుకువెళ్ళిన స్క్వాడ్రన్ ఇదే. ఆ విమానాల్లో ఒకటైన ఎఫ్ 1010, 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ ప్రదర్శనశాల చేరి, అక్కడి నుంచి పోలండులోని క్రాకోవ్‌కు పోయి, చివరికి 1977లో లండన్ శివారు హెండన్‌లోని ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియానికి వచ్చింది. రెండవది 152వ స్క్వాడ్రన్. 1940లో బ్రిటన్ గగనతల పోరాటంలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడిపి, తరువాత బర్మా రంగానికి వచ్చిన ఈ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థం వచ్చే ధ్యేయవాక్యం ఉంటుంది. మూడవది హరికేన్ యుద్ధవిమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్, దాని పేరులో ‘హైదరాబాద్ స్టేట్’ అని ఉంటుంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల వారికి 79వ స్క్వాడ్రన్ కూడా సొంతమనిపించవచ్చు, ఎందుకంటే దాని పేరులో మద్రాస్ ప్రెసిడెన్సీ ఉంది.

ఇవి కాక, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో టైగర్ మాత్ విమానాలపై ప్రాథమిక శిక్షణ పాఠశాల నడిచింది. ఇక్కడ మొదటిసారి ఒంటరిగా ఎగిరిన కుర్రవాళ్ళు తరువాత అంబాలాలో హార్వర్డ్ విమానాలపై శిక్షణ పొంది బర్మా రంగానికి వెళ్ళారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పటి కాగితాలు, ఉత్తరాలు, పత్రికలు మరో చక్కని పరిధి. 1965, 1971 యుద్ధాల భారత వైమానికదళ వస్తువులు ఇంకొకటి. వీటిలో ఒక్కటి ఎంచుకుని కనీసం ఏడాది పాటు దానికే కట్టుబడటం మంచిది. నా మట్టుకు నేను బేగంపేట శిక్షణ కాగితాలను ఎంచుకున్నాను. కారణం గొప్పదేమీ కాదు, మా ఇల్లు ఆ రన్‌వేకు దగ్గర.

రెండవ మెట్టు: డబ్బు తీయకముందే చట్టం తెలుసుకోవడం

ఈ భాగం రుచించకపోయినా దాటవేయరాదు. తుపాకులు, వాటి భాగాలు, తూటాలు 1959 నాటి ఆయుధ చట్టం కిందికి వస్తాయి. ‘పనిచేయదు సార్’ అని అమ్మేవాడు చెప్పినంత మాత్రాన విమాన మెషీన్‌గన్ భాగం అలంకార వస్తువు అయిపోదు. సంకేతపు మంటలు పేల్చే వెరీ పిస్తోలు విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. త్రీ నాట్ త్రీ తూటా వెనుక టోపీ (తుపాకీ సూది కొట్టే చోటు) మీద గుచ్చిన గుంట లేకపోతే అది పేలని తూటా కావచ్చు. అటువంటిది ఇంట్లో దొరికితే కదిలించకుండా పోలీసులకు తెలియజేయాలి. బాంబు ఫ్యూజులు, ఫిరంగి గుండ్లు, జెట్ విమానాల ఇజెక్షన్ సీట్లలోని మందు గొట్టాలు ఎంత పాతవైనా ప్రాణాంతకాలే. వీటిని సేకరణ వస్తువులుగా లెక్కించనే వద్దు.

రెండో విషయం చాలామందికి తెలియదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు కిందికి రాగలదు. చారిత్రక విలువ గల రాతప్రతులు, పత్రాల విషయంలో ఆ గడువు 75 ఏళ్ళే. అంటే మొదటి ప్రపంచ యుద్ధ వస్తువులు ఇప్పటికే ఆ హద్దు దాటాయి, 1942లో పైలట్ తాను ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకున్న లాగ్‌బుక్ కూడా దాటింది. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, వ్యక్తులు వాటిని దేశం వెలుపలికి పంపడం నిషేధం. విదేశీ కొనుగోలుదారు ఎక్కువ ధర చెప్పాడని లాగ్‌బుక్‌ను కొరియరులో వేస్తే చిక్కుల్లో పడేది పంపినవారే.

మరి రెండు మాటలు. సైనికుడిగా కనిపించాలన్న ఉద్దేశంతో సైనిక దుస్తులు, చిహ్నాలు ధరించడం నేరం, కనుక సేకరించిన చొక్కా బీరువాలోనే ఉండాలి. వైమానికదళ స్టోరు నుంచి నేరుగా ‘బయటికి వచ్చిన’ వస్తువును ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోరాదు. రక్షణశాఖ తుక్కు బహిరంగ వేలంలోనే బయటికి వస్తుంది, దానికి కాగితాలు ఉంటాయి. కూలిన విమానాల శకలాలు మరో సంగతి. ఈశాన్య కొండల్లో, అస్సాం నుంచి చైనాకు సరుకు మోసిన ‘హంప్’ మార్గంలో కూలిన విమానాల దగ్గర ఇంకా మనుషుల అవశేషాలు ఉన్నాయి. అక్కడి నుంచి తెచ్చిన ముక్కను కొనడం సమాధి రాయిని కొనడం వంటిదని నా అభిప్రాయం.

మూడవ మెట్టు: ఎక్కడ వెతకాలి

జుమేరాత్ బజారు గురించి చెప్పాను. ఆదివారం ఎర్రగడ్డ సంతలోనూ ఇటువంటి సరుకు వస్తుంది. యంత్ర పరికరాలకు రాణిగంజ్ వైపు పాత ఇనుము దుకాణాలు చూడవచ్చు, కాకపోతే అక్కడ తూకానికే అమ్ముతారు. బిళ్ళలు (బ్యాడ్జీలు), నాణేలు, పతకాల కోసం చార్మినార్ చుట్టుపక్కల పాత వస్తువుల అంగళ్ళు ఉన్నాయి. వీటిలో అసలు, నకిలీ ఒకే పళ్ళెంలో కలిసి ఉంటాయి. కాగితం సరుకుకు మాత్రం ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట పుస్తకాలను మించిన చోటు లేదు. విమానాలను గుర్తుపట్టే యుద్ధకాలపు చిత్రపటాల పుస్తకం, 1938లో ప్లేయర్స్ సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆర్.ఏ.ఎఫ్. విమానాల బొమ్మ కార్డులు, సెన్సారు ముద్రలున్న కవర్లు వంటివి పాఠ్యపుస్తకాల కట్టల్లో ఇరుక్కుని వస్తుంటాయి.

అసలైన నిధి మాత్రం బజారులో లేదు. అది సైనిక్‌పురి, అల్వాల్, తిరుమలగిరి, మారేడ్‌పల్లి ఇళ్ళలో అటకల మీది ట్రంకు పెట్టెల్లో ఉంది. సికింద్రాబాదు కంటోన్మెంటు చుట్టూ మూడు నాలుగు తరాలుగా స్థిరపడ్డ సైనిక కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళేటప్పుడో, ఇల్లు అపార్టుమెంటుకు ఇచ్చేటప్పుడో ఆ పెట్టెలు తెరుస్తారు. అక్కడికి బేరగాడిలా వెళ్ళకూడదు. తెలిసినవారి ద్వారా, ముందుగా ఫోను చేసి, చూడటానికి మాత్రమే వస్తున్నామని చెప్పి వెళ్ళాలి.

సైనిక్‌పురిలో ఒక పెద్దావిడ నా ముందు పెట్టె తెరిచి, ‘ఈ గుడ్డపీలికలు నీకెందుకు బాబూ, వెండి గిన్నె ఉంది, అది చూడు’ అన్నారు. ఆ పీలికల్లో ఒకటి భర్త మెడకు కట్టుకున్న పట్టు గుడ్డ. విప్పితే దాని మీద బర్మా, సయాం (నేటి థాయిలాండ్) దేశాల పటం సన్నని గీతలతో అచ్చయి ఉంది. శత్రు భూభాగంలో దిగిన వైమానికుడు దారి వెతుక్కోవడానికి ఇచ్చే పటం అది. కాగితమైతే నలిగి చప్పుడు చేస్తుంది, తడిస్తే చిరుగుతుంది, అందుకే పట్టు మీద, కొంత కాలానికి రేయాన్ మీద అచ్చువేశారు. ఆ సంగతి చెప్పాక ఆవిడ దానిని అమ్మనన్నారు. నేనూ అడగలేదు, ఆమె భర్త పేరు, సర్వీసు నంబరు రాసుకుని, ఆ గుడ్డ ఫోటో తీసుకుని వచ్చాను. సేకరణలో అదీ ఒక చేర్పే అని నేను లెక్క వేసుకుంటాను.

నాలుగవ మెట్టు: కాలాన్ని పట్టుకోవడం

వస్తువు చేతికి రాగానే వేయవలసిన ప్రశ్న ‘అసలుదా?’ అని కాదు, ‘ఏ సంవత్సరానికి ముందు ఇది ఉండటానికి వీల్లేదు?’ అని. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదానికి చాలాసార్లు అదే జవాబవుతుంది.

కిరీటంతో మొదలుపెట్టండి. బ్రిటిష్ బిళ్ళల మీద ఆరవ జార్జి కాలం వరకు ఉన్న కిరీటం పై కమానులు గుండ్రంగా, నడుమ లొత్త పడకుండా ఉంటాయి. రెండవ ఎలిజబెత్ రాజ్యానికి వచ్చాక, 1953 ప్రాంతం నుంచి వాడిన కిరీటం కమానులు నడుమ కిందికి వంగి ఉంటాయి. రెండో రకం కిరీటం ఉన్న బిళ్ళను ‘వరల్డ్ వార్‌ది’ అని అమ్ముతుంటే నవ్వి ముందుకు సాగవచ్చు. స్క్వాడ్రన్ చిహ్నాలకు గుండ్రటి చట్రం, పైన కిరీటం, కింద ధ్యేయవాక్యపు పట్టీ ఉన్న క్రమబద్ధమైన రూపం 1936 నుంచే వచ్చింది. కనుక 110వ స్క్వాడ్రన్ 1918 నాటి బిళ్ళ అంటూ ఆ చట్రంతో ఎవరైనా చూపిస్తే అది తరువాతిదే.

మన దళం విషయంలో ఇంకా సులువు. భారత వైమానికదళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. 1945 మార్చిలో దాని పేరుకు ‘రాయల్’ చేరింది, 1950 జనవరిలో గణతంత్రం వచ్చాక తొలగింది. ఆర్.ఐ.ఏ.ఎఫ్. అక్షరాలున్న బిళ్ళ, గుండీ, కవరు ఏదైనా ఈ అయిదేళ్ళ లోపలిదే కావాలి. అశోక సింహాలు ఉంటే 1950 తరువాతిది. విమానపు రేకు ముక్క మీద వలయాకారపు గుర్తు ఉంటే రంగు చూడండి. బర్మా రంగంలో జపాన్ ఎర్ర సూర్యుడితో పొరబడకుండా ఉండటానికి మన వైపు విమానాల వలయం నుంచి ఎరుపు తీసివేసి ముదురు నీలం, లేత నీలం వేశారు. 1944 ఇంఫాల్ పోరు నాటి హరికేన్ రేకు అని చెప్పి నడుమ ఎర్రటి చుక్క చూపిస్తే ఆ కథ పొసగదు.

పరికరాల మీద ఎయిర్ మినిస్ట్రీ ముద్ర పక్కనే స్టోరు నంబరు ఉంటుంది. దాని మొదటి భాగం వస్తువు తరగతిని చెబుతుంది: 6ఏ అంటే విమాన పరికరాలు, 5సి విద్యుత్ సామాను, 10ఏ రేడియో భాగాలు, 22సి ఎగిరేటప్పటి దుస్తులు, హెల్మెట్లు, గాగుల్స్. గాగుల్స్ పెట్టె మీద 6ఏ అని ఉంటే పెట్టె ఒకదానిది, సరుకు ఒకదానిది. అమెరికా పరికరం మీద ‘ఎయిర్ కోర్’ అని ఉంటే అది ఆ దళం 1941 జూన్‌లో ‘ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్’గా మారకముందు కుదిరిన ఒప్పందం కింద తయారైనది కావడానికి అవకాశం ఉంది. చేతి గడియారాల మార్కెట్టులో మోసం విపరీతంగా ఉంది, కొత్తవారు దాని జోలికి పోవద్దు. మార్క్ 11 అనే పైలట్ గడియారాన్ని యుద్ధకాలంది అని అమ్ముతుంటారు, కానీ అది 1948లో గాని రాలేదు.

ఇక గుడ్డ మీది రెక్కల బిళ్ళలు. యుద్ధకాలంలో భారతదేశంలో ఉన్న బ్రిటిష్, అమెరికన్ వైమానికులు స్థానిక జరీ పనివారి చేత తమ రెక్కలను, భుజం బిళ్ళలను కుట్టించుకున్నారు. ఈ ‘భారత్‌లో కుట్టిన’ బిళ్ళలంటే విదేశీ సేకర్తలకు మక్కువ. చిక్కు ఏమిటంటే, ఆ పనితనం మన పాతబస్తీ కార్చోబ్ (జరీ కుట్టే చట్రం) మగ్గాల మీద ఇప్పటికీ బతికే ఉంది, ఎవరైనా నమూనా ఇస్తే వారంలో కొత్త ‘పాత’ బిళ్ళ తయారవుతుంది. తేడా పట్టుకోవడానికి వెనక్కి తిప్పాలి. అసలు దాని వెనుక నూలు గుడ్డ పసుపు తిరిగి, దారపు ముడులు అణిగి, చొక్కాకు కుట్టినప్పటి సూది రంధ్రాల వరస కనిపిస్తుంది. వెండి తీగ సమంగా కాక, చెమట తగిలిన చోట ఎక్కువగా నల్లబడుతుంది. నకిలీని టీ నీళ్ళలో ముంచి తీస్తారు కనుక దాని రంగు అంతటా ఒకేలా ఉంటుంది, ముక్కుకు దగ్గరగా పెడితే కొన్నిసార్లు వాసనే చెబుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ టార్చి దొరుకుతుంది. చీకట్లో దాని వెలుగు వేస్తే ఇప్పటి దారాలు, కాగితాలు నీలంగా మెరుస్తాయి, ఎందుకంటే తెలుపు పెంచే రసాయనాలు యుద్ధం తరువాతే వాడుకలో విస్తరించాయి. అయితే పాత గుడ్డను ఇప్పటి సబ్బుపొడితో ఉతికినా మెరుస్తుంది, అందువల్ల ఈ ఒక్క పరీక్ష మీద తీర్పు ఇవ్వకూడదు.

పతకాల దగ్గర మనకు ఒక మేలు ఉంది. రెండో ప్రపంచ యుద్ధపు 1939–45 స్టార్, బర్మా స్టార్ వంటి వాటిని బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఇచ్చారు, భారతీయులకు మాత్రం నంబరు, పేరు అచ్చొత్తి ఇచ్చారు. 1965 నాటి సమర సేవా స్టార్, 1971 నాటి పూర్వీ, పశ్చిమీ స్టార్‌ల మీద కూడా పేరు వెతకాలి. పేరును గీకి చెరిపిన పతకం, పేరు మార్చి చెక్కిన పతకం రెండూ వద్దు. భూతద్దంలో అక్షరాల చుట్టూ లోహం పల్లంగా కనబడితే చెరిపారని అర్థం. ఒకే మనిషి పతకాలు నాలుగు ఒక కడ్డీకి ఉంటే, వాటిని విడదీసి ‘ఇది నీకు, అది ఆయనకు’ అని అమ్మబోయేవారిని బతిమాలైనా నాలుగూ కలిపి కొనండి, లేదా నాలుగూ వదిలివేయండి.

అయిదవ మెట్టు: లాగ్‌బుక్‌ను చదవడం, సరిచూడడం

నా దృష్టిలో ఈ రంగంలో లాగ్‌బుక్‌ను మించిన వస్తువు లేదు. పైలట్లకు ఫారం 414, పరిశీలకులకు, గన్నర్లకు ఫారం 1767 అనే పుస్తకాలు ఉండేవి. ప్రతి వరసలో తేదీ, విమానం రకం, దాని నంబరు, నడిపినవారు, వెంట ఉన్నవారు, పని, పట్టిన సమయం రాస్తారు. నెలాఖరుకు మొత్తం కూడి, పై అధికారి సంతకం తీసుకుంటారు. బేగంపేటలో శిక్షణ పొందిన ఒకాయన పుస్తకంలో తొలి పేజీలన్నీ ‘టైగర్ మాత్’ అనే మాటతోనే నిండి, ముప్పావు గంటలు, అరగంటలుగా సాగుతుంటే, ఒక్క వరసలో మాత్రం పది నిమిషాలు అని ఉండి, దాని కింద ఎర్ర సిరాతో గీత ఉంది. అది ఆయన మొదటిసారి గురువు లేకుండా ఎగిరిన రోజు. కలం నొక్కిన లోతు పేజీ వెనుక వేలికి తగులుతోంది.

సరిచూసే పద్ధతి ఇది. మొదట నెలవారీ కూడికలు వేయండి. నకిలీ రాసేవారు కథ బాగా రాస్తారు గాని కూడికల్లో తప్పుతారు. తరువాత విమానం నంబరు ఆ రకానికి చెందినదేనా చూడండి. ఆ పైన స్క్వాడ్రన్ దినచర్య పుస్తకంతో పోల్చండి. ఆర్.ఏ.ఎఫ్. స్క్వాడ్రన్ల దినచర్యలు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరసలో ఉన్నాయి, చాలావరకు ఇంట్లో కూర్చునే తెప్పించుకోవచ్చు. సాహస పతకాల ప్రకటనలు లండన్ గెజిట్‌లో, యుద్ధంలో మరణించినవారి వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరుతో వెతకవచ్చు. లాగ్‌బుక్‌లో ఒక రోజు మిత్రుడు కూలిపోయాడని ఉంటే, అదే తేదీ, అదే పేరు సమాధుల జాబితాలో కూడా కనిపించాలి.

డబ్బు తక్కువగా ఉన్నవారు ఎయిర్‌గ్రాఫ్‌లతో మొదలుపెట్టవచ్చు. విమానాల్లో బరువు తగ్గించడానికి సైనికుల ఉత్తరాలను 1941 నుంచి చిన్న ఫిల్ము మీద ఫోటో తీసి పంపి, చేరిన చోట తిరిగి చిన్న కాగితం మీద అచ్చువేసి పంచేవారు. అరచేతిలో పట్టే ఆ ఉత్తరాల్లో పేరు, చిరునామా, తేదీ మూడూ ఉంటాయి, నకిలీ చేసేవారికి లాభం లేనంత చౌక కూడా.

ఆరవ మెట్టు: రేడియం

పాత విమాన డయళ్ళ అంకెలు చీకట్లో వెలగడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. ఎనభై ఏళ్ళు గడిచాక అవి వెలగవు, కనుక ప్రమాదం పోయిందని చాలామంది అనుకుంటారు. వెలుగునిచ్చే రసాయనం మాత్రమే అరిగిపోయింది. రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్ళు పడుతుంది. అంకెల మీది రంగు గోధుమ వన్నె తిరిగి, మందంగా, పొక్కినట్టు కనిపిస్తే రేడియం ఉందనే అనుకోవాలి. అద్దం పగిలిన డయల్ కొనరాదు. మూత విప్పరాదు, గీకరాదు, ఊదరాదు, కొత్త రంగు వేయించరాదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పడకగదిలో, పిల్లల గదిలో, గాలి ఆడని బీరువాలో పెట్టరాదు, ఎందుకంటే రేడియం నుంచి రాడాన్ వాయువు పుడుతుంది, మూసిన చోట అది పేరుకుంటుంది. ఇటువంటి వాటిని తపాలాలోనో కొరియరులోనో మామూలు సరుకుగా పంపకూడదు. మా ఇంట్లో ఒక్కటంటే ఒక్క డయల్ ఉంది. అదీ వరండాలో, గాలి ఆడే అల్మరాలో, పిల్లలకు అందని ఎత్తున.

ఏడవ మెట్టు: కొనడం, వెంటనే రాయడం

బేరం గురించి హైదరాబాదువారికి నేర్పనవసరం లేదు. ఒక్కటే చెబుతాను: బజారులో మన జ్ఞానం బయటపెడితే ధర పెరుగుతుంది, ఇళ్ళలో మన జ్ఞానం దాచిపెడితే పాపం చుట్టుకుంటుంది. కుటుంబం దగ్గర కొనేటప్పుడు ఆ వస్తువు ఏమిటో, బయట ఎంత పలుకుతుందో చెప్పే కొనాలి. చిత్తు కాగితం మీదైనా రసీదు రాయించుకోవాలి: ఎవరి నుంచి, ఏ తేదీన, ఏ వస్తువు, అది వారికి ఎలా వచ్చింది.

ఇంటికి రాగానే రిజిస్టరులో ఎక్కించాలి. నేను దుకాణాల్లో వాడే గట్టి అట్ట ఖాతా పుస్తకం వాడుతున్నాను. వరస సంఖ్య, కొలత, ముద్రలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా, ఎవరి వస్తువు, ఎవరు చెప్పిన మాట, ఏది నేను సరిచూశాను, ఏది చూడలేదు అని విడివిడి గళ్ళలో రాస్తాను. చివరి రెండు గళ్ళను ఎప్పుడూ కలపకండి. ‘మా నాన్న స్పిట్‌ఫైర్ నడిపారు’ అని కొడుకు చెప్పిన మాటను అలాగే, చెప్పిన తేదీతో రాయండి. లాగ్‌బుక్‌లో హరికేన్ అని కనిపిస్తే దాన్ని పక్క గడిలో రాయండి. వస్తువు మీద సిరాతో నంబరు వేయకుండా, నూలు దారంతో చిన్న చీటీ కట్టండి.

ఎనిమిదవ మెట్టు: మన వాతావరణంలో కాపాడడం

హైదరాబాదులో మే నెల ఎండ తోలును ఎండగొడుతుంది, జులై తేమ దానికి బూజు పట్టిస్తుంది. బాగుచేద్దామన్న ప్రేమే ఎక్కువ నష్టం చేస్తుందని అనుభవంతో చెబుతున్నాను. ఇత్తడి గుండీలను చింతపండుతోనో పీతాంబరి పొడితోనో తోమితే ముద్ర అరిగిపోతుంది, రంగుతో పాటు ధర కూడా పోతుంది. తోలు హెల్మెట్‌కు కొబ్బరినూనె రాస్తే మొదట మెత్తబడినట్టు ఉంటుంది, తరువాత మచ్చలు తేలి బూజు వస్తుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, లోపల గుడ్డ ఉండ పెట్టి ఆకారం నిలిపితే చాలు.

కాగితాలకు లామినేషన్ అన్నిటికన్నా పెద్ద శత్రువు. ఒక కుటుంబం తాతగారి నియామక పత్రాన్ని భద్రంగా ఉండాలని జిరాక్స్ అంగడిలో లామినేట్ చేయించింది. వేడికి సిరా పాకింది, ప్లాస్టిక్ ఇక ఊడిరాదు. సెల్లోటేపు, స్టాప్లరు పిన్నులు, రబ్బరు బ్యాండ్లు కూడా వద్దు. ఆమ్లం లేని కాగితపు కవర్లలో, పడుకోబెట్టి ఉంచండి. గుడ్డ వస్తువులను ఉతికి ఉతికి గంజి, నీలం అంతా పోయిన పాత తెల్ల పంచెలో చుట్టండి. కలరా ఉండలను నేరుగా తగలనివ్వకుండా, ప్లాస్టిక్, సెల్యులాయిడ్ అద్దాలున్న గాగుల్స్‌కు దూరంగా ఉంచండి. బీరువాను గోడకు జానెడు దూరంలో, చెదలు ఎక్కకుండా చెక్క దిమ్మల మీద నిలపండి. సిలికా జెల్ సంచులు పెట్టి, వానాకాలంలో పదిహేను రోజులకొకసారి తెరిచి చూడండి. ఫోటోలు, పట్టు పటాలు గోడకు వేలాడదీయాలనిపిస్తే నకలు తీయించి దాన్ని వేలాడదీయండి.

ఇంట్లోవారికి రిజిస్టరు ఎక్కడుందో చెప్పి ఉంచండి. ఏ కుటుంబం నుంచి వచ్చిన వస్తువులు ఏ పెట్టెలో ఉన్నాయో, విడదీయరాని జట్లు ఏవో, అవసరమైతే ఏ మ్యూజియానికి అడగాలో మొదటి పేజీలోనే తెలుగులో రాసి పెట్టండి. నా పుస్తకం మొదటి పేజీలో ఇత్తడి దిక్సూచి కూడా ఉంది. దాని ఎదుట ‘నకిలీ, 2,200 రూపాయలు, ఎవరికీ అమ్మవద్దు’ అని రాశాను.